కాకిమొగ రేవును మూసిన విధం

కాకిమొగ రేవును కట్టింది శత్రువు కోసం. శత్రువు రాలేదు, ఇసుక వచ్చింది.

తెల్లదొరల కాలంలో, ఎక్కడో పెద్ద యుద్ధం జరుగుతుండగా, ఒక దొర గుర్రమెక్కి ఒడ్డు వెంట వచ్చాడట. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఆగి, నీళ్ళు నిలకడగా ఉన్నాయని చూసి, "శత్రువు దిగాలనుకుంటే ఇక్కడే దిగుతాడు" అన్నాడట. శత్రువుకు ఆ ఊరి పేరైనా తెలియదు. అయినా అతను దిగే చోట మనమే ముందు దిగి ఉండాలని రాళ్ళ గోడ కట్టారు, జెట్టీ కట్టారు, దీపస్తంభం లేపారు, చుట్టూ ముళ్ళకంచె వేశారు. యుద్ధం అయిపోయింది, దొరలు వెళ్ళిపోయారు. తర్వాత మన నేవీ వచ్చింది. కొన్నాళ్ళు బూడిదరంగు ఓడలు వచ్చిపోయేవి. రాళ్ళ గోడ పుణ్యమా అని ఏటా కాస్త ఇసుక మేట వేసేది. ఓడల అడుగు ఇసుకకు తగలడం మొదలయ్యాక అవి ఒక్కొక్కటే పెద్ద రేవుకు తరలిపోయాయి. ఒక ఓడ మట్టుకు మళ్ళీ వచ్చి, దూరంగా లంగరేసి, ఒక పూట ఉండి, వంటవాడికి కావలసిన పీతలు కొనుక్కుని వెళ్ళిపోయింది. మరొకటి రాలేదు. కంచె మాత్రం పోలేదు. కంచెకు గేటు ఉంది, గేటుకు కాపలా ఉంది, కాపలాకు జీతం ఉంది.

కంచె లోపల మొగ, కంచె బయట ఊరు. అదీ కాకిమొగ గ్రామస్తుల కష్టం.

మొగలోంచి వెళ్తే పడవ చంకలోంచి బిడ్డ దిగినట్టు నెమ్మదిగా సముద్రంలోకి దిగుతుంది. అది లేదు గనక ఊరివాళ్ళు ఉత్తరాన ఉన్న రాళ్ళొడ్డు నుంచి కెరటాలకు ఎదురు పడవలు తోయాల్సిందే. కిందటేడు అక్కడే సూరాడ బండియ్య పడవ తిరగబడి, పడవకూ బండకూ మధ్య అతని మోకాలు నలిగిపోయింది. ఇప్పుడతను కర్ర పట్టుకుని నడుస్తాడు. ఈ ఏడు వేసవిలో చేపల వేట మీద ఉండే నిషేధం తీరి వేట మొదలైతే పడవ నడపాల్సింది కొడుకు దానయ్య. బండియ్య భార్య దేముడమ్మకు రాళ్ళొడ్డు తలుచుకుంటే అన్నం గొంతు దిగడం లేదు.

"నాకు బంగారం వొద్దు, మేడలొద్దు. నా గుంటడు ఏటకి మొగలోంచి ఎల్లాల. అంతే" అనేది ఎవరితో మాట్లాడినా. చేపలు కొనడానికి వచ్చినవాళ్ళతో కూడా అదే చెప్పేది. వాళ్ళు పాపం ధర తగ్గించమనడం మరిచిపోయేవారు.

అలాంటి రోజుల్లో రేవును మూసేస్తున్నారన్న కబురు వచ్చింది. మూసేస్తే కంచె పోతుంది, కంచె పోతే మొగ ఊరిది. దేముడమ్మ ఆ పూట కోడిని కోసింది.

మూయడానికి ఒక అధికారి వచ్చాడు. పేరు కంభంపాటి దక్షిణామూర్తి. హోదా, ప్రత్యేక మూసివేతాధికారి. బట్టతల, నల్ల గొడుగు, మడత కుర్చీ. ఆయనకు సముద్రమంటే ఫైళ్ళకు చెమ్మ పట్టించే వస్తువు. దాన్ని చూడకుండా ఉండేందుకు కుర్చీని ఊరివైపు తిప్పి వేసుకున్నాడు. టార్పాలిన్ కింద ఊరంతా కూర్చుంది.

"గ్రామస్తులారా! కాకిమొగ నౌకాస్థావరమును మూసివేయుటకు ప్రభుత్వం సూత్రప్రాయంగా నిర్ణయించినదని తెలియజేయుటకు సంతసించుచున్నాను."

"సూత్రపాయమంటే ఏటి బాబూ?" అంది ముందు వరసలో ఉన్న దేముడమ్మ.

"అంటే మూసినట్టే. కానీ మూయలేదు."

"మరెప్పుడు మూస్తారు?"

"ఆఖరి ఓడ వెళ్ళగానే. మాన్యువల్ ప్రకారం సైనిక రేవును మూయవలెనన్న ఆఖరి ఓడ బయలుదేరవలెను, అది మొగ దాటుచుండగా జెండా దించవలెను, తుపాకి పేల్చవలెను, ఉన్నతాధికారి వందనం చేయవలెను."

"ఆకరి ఓడ ఎప్పుడో ఎల్లిపోనాది బాబూ. పీతలు కొనుక్కుని మరీ ఎల్లిపోనాది. నానే అమ్మినాను."

దక్షిణామూర్తి జాలిగా నవ్వాడు. "అమ్మా, అది వెళ్ళేటప్పుడు అదే ఆఖరి ఓడ అని నీకు తెలుసా?"

"నేదు."

"ఆ ఓడకు తెలుసా?"

"దానికేటి తెలుస్తాది?"

"ఎవరికీ తెలియదు గనక జెండా దించలేదు. దించలేదు గనక అది కేవలం ఒక ఓడ. ఆఖరి ఓడ ఇంకా వెళ్ళలేదు."

"రేవులో ఓడే నేదు గదా, ఏటెల్తాది?" అన్నాడు వెనక నుంచి బండియ్య.

"అదే సమస్య" అన్నాడు దక్షిణామూర్తి, సమస్యను కనిపెట్టినవాడికి ఉండే తృప్తితో. "వెళ్ళాలంటే ముందు రావాలి."

ఓడ రావాలంటే మొగలో లోతు ఉండాలి. కనుక రేవును మూసే పని ఇసుక తవ్వడంతో మొదలైంది. పెద్ద ఇనుప తొండం ఉన్న యంత్రం వచ్చి మొగలో ఇసుకను పీల్చి ఒడ్డున కక్కింది. ఒడ్డున దేముడమ్మ ఎండబెట్టుకున్న నెత్తళ్ళ చేపల మీద కక్కింది. తవ్విన రేవుకు దీపం ఉండాలి గనక స్తంభానికి సున్నం వేసి కొత్త దీపం పెట్టారు. దీపం వెలిగించడానికి ఒకడు, ఆర్పడానికి ఒకడు, వెలిగిందని పైకి తెలియజేయడానికి ఒకడు కావలసి వచ్చారు. వాళ్ళకు క్వార్టర్లు, క్వార్టర్లకు నీళ్ళ ట్యాంకు, అందరికీ కలిపి క్యాంటీను. ఉద్యోగాలన్నీ ఊరివాళ్ళకే ఇచ్చారు. స్థానికులకు మూసివేత ఫలాలు అందాలని పైనుంచి ఆదేశమట.

రేవు బతికున్న రోజుల్లో ఇంత సందడి ఎన్నడూ లేదు. పక్క ఊళ్ళవాళ్ళు సైకిళ్ళ మీద వచ్చి, "మా ఊళ్ళో కూడా ఏదన్నా మూస్తే బాగుణ్ణు" అని నిట్టూర్చి వెళ్ళేవారు.

ఒక్కటే చిక్కు. పనిచేసే రేవుకు పాత కంచె చాలదని లోపల రెండో కంచె వేశారు. మొగ ఇంకాస్త దూరమైంది.

బండియ్యకు నిఘా సహాయకుడి ఉద్యోగం వచ్చింది. కర్రతో నడిచే మనిషికి కూర్చునే పని. వచ్చే ఓడ కోసం సముద్రం వైపు చూస్తుండాలి. కనిపించకపోతే కనిపించలేదని పొద్దుటా సాయంత్రం చెప్పాలి. టోపీ ఇచ్చారు. టోపీ పెట్టిన రెండో రోజుకే అతని నడక మారింది, మూడో రోజుకు మాట మారింది. దేముడమ్మ గంజి తపేలా నెత్తిన పెట్టుకుని గేటు దగ్గరికి వచ్చేసరికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఆగవలెను. ఎవరు?"

"ఎవరేటి? నీ పెళ్ళాన్ని. గంజి తెచ్చినాను."

"పాసుందా?"

"ఓలమ్మో! నీకు గంజి పొయ్యడానికి నాకు పాసేటి?"

"అలగనకే దేముడూ. ఊరకే పడున్నప్పుడు ఎవులైనా వొచ్చీసేవోరు. ఇప్పుడు మూసీడానికి తెరిసినాం గదా. పద్ధతుంటాది."

దేముడమ్మ తపేలా దించింది. కంచె బయటే చతికిలబడి, అతను చూస్తుండగా, గంజి మొత్తం తనే తాగింది. ఉల్లిపాయ కూడా కొరుక్కుంది.

"సాయంత్రం ఇంటికొస్తావు గదా, పాసట్టుకురా" అని మూతి తుడుచుకుని వెళ్ళిపోయింది.

అంతా సిద్ధమయ్యాక దక్షిణామూర్తి ఓడ పంపమని పైకి రాశాడు. సముద్ర పటాల విభాగం నుంచి జవాబు వచ్చింది. తాము పేర్కొన్న రేవు మా పటములో లేదు, సూత్రప్రాయంగా మూసివేసిన వెంటనే తుడిచివేయడమైనది, పటములో లేని రేవుకు ఓడను పంపినచో అది ఎక్కడికి వెళ్ళినట్లు పరిగణించవలెనో తెలుపగలరు. మళ్ళీ పటంలో పెట్టమని ఈయన వేడుకున్నాడు. పెట్టాలంటే రేవును తెరిచినట్టు ఉత్తర్వు కావాలన్నారు వాళ్ళు. మూసే రేవును తెరిచినట్టు ఉత్తర్వు ఇస్తే మూసేదెవరన్నారు పైవాళ్ళు.

దక్షిణామూర్తికి నిద్ర కరువైంది. రోజులు గడుస్తున్నాయి. వేసవి నిషేధం తీరే వేళ దగ్గర పడింది. ఒక ఉదయం ఆయన గేటు బయట కుర్చీ వేసుకుని, గొడుగు తెరవడం కూడా మరిచిపోయి ఎండలో కూర్చుంటే దేముడమ్మ చూసింది. వచ్చి పక్కన కూలబడింది.

"ఏటి బాబూ, ఓడ రాదా?"

"రాదమ్మా. ఓడ లేకపోతే మూయలేను. మూయకపోతే ఈ ఊరు వదిలి వెళ్ళలేను. మా ఇంటావిడ నన్ను సముద్రం పాలు చేశారని పైవాళ్ళను తిడుతోంది."

సంతలో చేప అమ్ముడవకపోతే బేరం ఎటునుంచి తిప్పాలో దేముడమ్మ పుట్టిన దగ్గర్నుంచి చూస్తున్నదే.

"ఓడంటే ఏటి బాబూ?"

"ఏమిటంటే... నీటి మీద తేలవలెను. ప్రభుత్వ రంగు ఉండవలెను. ఒక అధిపతి ఉండవలెను."

"మా పడవ తేలుతాది. రంగు మీరెయ్యండి. అధిపతి మా గుంటడు. వాడెల్లిపోతాడు, మీరు మూసీండి, కంచె తీసీండి."

దక్షిణామూర్తి లేచి నిలబడ్డాడు. వచ్చిన తర్వాత మొదటిసారి సముద్రం వైపు తిరిగి చూశాడు.

"కంచె తీసేస్తాను. అది నా మాట" అన్నాడు.

మర్నాటి నుంచి పడవను ఓడ చేసే పని సాగింది. పొడవు కొలిచారు. మళ్ళీ పైనుంచి ఒకాయన వచ్చి, కొలిచింది సరిగ్గానే కొలిచారా అని కొలిచాడు. బూడిదరంగు వేశారు. పక్కన తెల్లటి నంబరు రాశారు. 'పోలమాంబ' అన్న పేరు తుడిచి 'నిష్క్రమణ' అని పెట్టారు. ముక్కు దగ్గర పసుపు కుంకుమ మాత్రం తుడవనివ్వలేదు దేముడమ్మ. అవి ప్రమాద సూచికా వర్ణాలని దక్షిణామూర్తి పైకి నచ్చజెప్పాడు. దానయ్యకు తెల్ల చొక్కా, చెవులదాకా దిగే టోపీ ఇచ్చారు.

"అమ్మా, ఇదెట్టుకుని వలెలా లాగుతాను?" అన్నాడు దానయ్య.

"ఒక్క పూటే గదరా. మొగ దాటినాక తీసీ."

పడవను బండి మీద తెచ్చి మొగలో దింపినప్పుడు ఊరంతా ఈలలు వేసింది. ఊరి పడవ మొగలో తేలడం ముసలివాళ్ళకే గుర్తుంది, వాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. జెట్టీ మీద గుంజకు తాడుతో పడవను కట్టింది దేముడమ్మ తన చేత్తోనే. ముడికి పసుపు రాసింది.

నిషేధం తీరిన పొద్దునే ముహూర్తం పెట్టారు. బ్యాండు వచ్చింది, షామియానా వచ్చింది. పెద్ద అధికారి వచ్చాడు. ఆయన యూనిఫాం ఎంత తెల్లగా ఉందంటే, ఆయన్ని పెద్ద సారు అనడమే తప్ప పేరు అడగడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. వీటన్నిటి వెనకాల బండరాళ్ళు నింపుకున్న లారీలు వచ్చి వరసగా నిలబడ్డాయి.

మొదటి లారీ డ్రైవరు బీడీ ముట్టించుకుంటూ దేముడమ్మను అక్క వరస పెట్టి పిలిచాడు. "అప్పా, మొగంటే ఇదేనా?"

"ఇదే. ఏం?"

"పడవ దాటీగానే రాళ్ళు పోసి పూడ్చీమన్నారు."

దేముడమ్మకు ఒక్క క్షణం బ్యాండు వినబడలేదు. షామియానా సందుల్లోంచి దూసుకుపోయి దక్షిణామూర్తి ముందు నిలబడింది.

"బాబూ! మాటిచ్చినారు!"

"కంచె తీస్తానన్నాను. తీస్తానమ్మా. మూసిన రేవుకు కంచె ఎందుకు?"

"మరి రాళ్ళేటి?"

"మూసిన రేవు తెరుచుకుని ఉంటే అది మూసినట్టు ఎలా అవుతుంది?" అన్నాడాయన. మోసం చేయాలని కాదు. నిజంగానే ఆమెకు ఇది తట్టలేదా అన్న ఆశ్చర్యంతో అన్నాడు. "మూసిన పిదప ఏ ఓడయూ ప్రవేశించరాదు. మీ పడవ కూడాను. అది ఇప్పుడు ఓడ కదా."

"నా కొడుకు సాయంత్రం ఎటు తిరిగొస్తాడు?"

"ఆఖరి ఓడ తిరిగి రాదమ్మా. అందుకే అది ఆఖరి ఓడ."

ఈలోగా ఆజ్ఞ వినిపించింది. "తాడు విప్పి నౌక మీదికి చేర్చవలెను!"

దేముడమ్మ పరుగెత్తింది. వెళ్ళి గుంజకు ఆనుకుని, ముడి మీద చెయ్యి వేసి కూర్చుంది.

కాకిమొగలో ఒక ఆచారం ఉంది. పడవ వేటకు వెళ్ళేటప్పుడు తాడును పడవలోని కొసనే వదులుతారు, ఒడ్డున గుంజకు కట్టిన ముడి విప్పరు. ఆ తాడు ఒడ్డున పడి ఎదురు చూస్తుంటుంది. పడవ తిరిగొచ్చి దాన్నే అందుకుంటుంది. ఒడ్డు నుంచి తాడు తీసేశారంటే ఆ పడవ ఇక రాదని అర్థం. పడవ ముక్కలైన ఇంటివాళ్ళే ముడి విప్పుతారు, అదీ ఏడ్చుకుంటూ.

"అమ్మా, లేవవలెను" అన్నాడు దక్షిణామూర్తి.

"నా గుంటడు నీళ్ళ మీదికి ఎల్తన్నాడు. నాను ముడిప్పను. మీరిప్పండి సూద్దాం."

దక్షిణామూర్తి గార్డును చూశాడు. గార్డు ఊరివాడే. దీపం వెలిగించేవాణ్ణి చూశాడు, ఆర్పేవాణ్ణి చూశాడు. వాళ్ళూ ఊరివాళ్ళే. ఒక్కరూ కదల్లేదు. చివరికి బండియ్యను పిలిచాడు. బండియ్య కర్ర చప్పుడు చేసుకుంటూ వచ్చి, టోపీ తీసి, జాగ్రత్తగా దుమ్ము దులిపి, దక్షిణామూర్తి చేతిలో పెట్టాడు.

"ఉజ్జోగం ఉజ్జోగమే సారూ. ముడి ముడే."

పెద్ద సారు వెంట వచ్చిన నావికులిద్దరిని పంపారు. వాళ్ళు గుంజ దాకా వచ్చి పసుపు చూశారు. ఎక్కడో ఒక ఒడ్డున పుట్టిన పిల్లలే. ఆకాశంలో మబ్బులను పరీక్షించడం మొదలుపెట్టారు.

దానయ్య తల్లి వైపు చూశాడు. తల్లి తల ఊపింది. అతను పడవలోని కొస వదిలి ఇంజను లాగాడు. నిష్క్రమణ నౌక బుడబుడమంటూ కదిలింది. బ్యాండు మోగింది. పెద్ద సారు చెయ్యి నుదుటికి ఎత్తాడు. జెండా దిగడం మొదలైంది.

"ఆపండి!" అని కేకేశాడు దక్షిణామూర్తి. చేతిలో మాన్యువల్ తెరిచి ఉంది. "సార్, గుంజకు తన త్రాడు కట్టి ఉన్నంతవరకు నౌక రేవులో ఉన్నట్లుగానే భావించవలెను అని ఉంది."

"అంటే?" అన్నాడు పెద్ద సారు, చెయ్యి దించకుండా.

"ఓడ ఇంకా బయలుదేరలేదు సార్."

పెద్ద సారు సముద్రం వైపు చూశాడు. పడవ మొగ దాటి, చిన్నదై, గువ్వంత అయింది. టోపీ తీసేసిన దానయ్య తల నల్లగా కనిపిస్తోంది.

"మరి అదేమిటి?"

"రేవులోనే ఉంది సార్. తాడు ఒడ్డునే ఉంది."

తుపాకి పేల్చేవాడు చెవుల్లో పెట్టుకున్న దూది తీశాడు. జెండా సగంలో ఆగిపోయింది. బడి పంతులు గారు అది చూసి, ఎవరో పెద్దమనిషి పోయి ఉంటాడని పిల్లలకు సెలవిచ్చేశారు. పెద్ద సారు ఎత్తిన చెయ్యి ఓడ వెళ్తే గాని దించకూడదు. ఓడేమో వెళ్ళలేదు. చివరికి ఒక గుమాస్తా ఆలోచన చెప్పాడు. వందనం కొనసాగుచున్నట్లు భావించి చెయ్యి మాత్రం దించుకోవచ్చునని. పెద్ద సారు దించుకుని భోజనానికి వెళ్ళిపోయాడు.

లారీ డ్రైవరు వచ్చి, "పోసీమంటారా?" అన్నాడు.

"ఓడ రేవులో ఉండగా రాళ్ళు పోయుట నేరం!" అని దక్షిణామూర్తి ఖాళీ నీళ్ళను చూపించి అరిచాడు.

సాయంత్రం దానయ్య పడవ నిండా వంజరం చేపలు వేసుకుని మొగలోకి వచ్చాడు. ఎక్కడా ఒక్క కెరటం తగల్లేదు. ఒడ్డున తల్లి నిలబడి ఉంది. నీళ్ళలో తేలుతున్న తాడు కొస అందుకుని పడవకు కట్టుకున్నాడు. వెళ్ళని ఓడ వచ్చినట్టు నమోదు చేయడం కుదరదు గనక దక్షిణామూర్తి చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. దేముడమ్మ ఆయనకు ఒక పెద్ద చేప ఇవ్వబోయింది. ఆయన శాకాహారి. గొడుగు కింద కూర్చుని తలపట్టుకున్నాడు.

మర్నాడు మళ్ళీ ముహూర్తం. మళ్ళీ పడవ వెళ్ళింది, మళ్ళీ తాడు ఉండిపోయింది. వారం తిరిగేసరికి దేముడమ్మ కొత్త మాట తెచ్చింది.

"బాబూ, పెద్ద రేవులో ఓడ ఎల్లాలంటే సిన్న పడవలు లాక్కెల్తాయంట గదా. మా ఓడకి అయ్యి అక్కర్నేదా?"

మాన్యువల్ చూస్తే నిజమే. ఓడ నిష్క్రమణకు తోడు పడవలు తప్పనిసరి. ఎన్ని అన్నది రాయలేదు. ఊళ్ళో పడవలన్నిటికీ బూడిదరంగు పడింది, ఒక్కొక్కటీ మొగలోకి దిగింది. రాళ్ళొడ్డుకు ఇప్పుడు ఎవరూ వెళ్ళడం లేదు, పీతలు తప్ప. లారీల్లో రాళ్ళు గోడను బాగుచేయడానికి పనికొచ్చాయి.

దక్షిణామూర్తి చాలాకాలం బదిలీ కోసం ప్రయత్నించాడు. మూసివేత జరుగుచుండగా మూసివేతాధికారిని కదపరాదట. తర్వాత ప్రమోషన్ వచ్చి శాశ్వత మూసివేతాధికారి అయ్యాడు. భార్య కూడా వచ్చేసింది. క్వార్టరు ముందు బెండకాయలు వేశారు. ఏటా మూసివేత వార్షికోత్సవం జరుపుతారు. పెద్ద సారు వచ్చి ఆ నాటి వందనాన్ని పొడిగించి వెళ్తాడు.

ఈ మధ్య ఒక కుర్ర అధికారి తనిఖీకి వచ్చాడు. అంతా చూసి, ఉడుకు రక్తం కదా, నేరుగా జెట్టీ మీదికి వెళ్ళాడు. దేముడమ్మ గుంజ పక్కన కూర్చుని వల బాగుచేస్తోంది. మొగ ఖాళీగా ఉంది. తాళ్ళన్నీ నీళ్ళలో తేలుతున్నాయి.

"అమ్మా, ఈ ఒక్క ముడి వల్ల మొత్తం పని ఆగిపోయింది. విప్పేయొచ్చు కదా?"

"పడవ నీళ్ళ మీదుంది గదా బాబూ. ఇప్పుడిప్పితే ఎలాగ? రానీ."

అతను పట్టు వదలని మనిషి. ఎండ చల్లబడే దాకా అక్కడే నిలబడ్డాడు. పడవలు వరసగా మొగలోకి వచ్చాయి. దానయ్య తాడు అందుకుని పడవకు కట్టి, గంపలు దించడం మొదలుపెట్టాడు.

"వచ్చేసింది కదమ్మా. ఇప్పుడు విప్పు."

దేముడమ్మ వల మీద నుంచి తల ఎత్తి, ఇంత చదువుకున్న పిల్లాడు ఇలా అడుగుతాడేమిటని జాలిగా చూసింది.

"ఒడ్డుకొచ్చిన పడవకి తాడిప్పీమంటావేటి నాయనా? కొట్టుకుపోదూ?"